పొడుగు జాబితా, పొట్టి కాగితం

ఈ-పంట నమోదు ముగిశాక రైతు సేవా కేంద్రం గోడ మీద కాగితాలు అంటిస్తారు. ఊళ్లో ఎవరు ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేశారో అందులో ఉంటుంది. తప్పుంటే చెప్పమని ఊరినే అడగడం, దానికి సామాజిక తనిఖీ అని పేరు. కృష్ణా డెల్టాలో వరి నాట్లు పడిన తర్వాత పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో ఈ తంతు ఏటా ఉండేదే. రైతు వస్తాడు, కళ్లజోడు సర్దుకుంటాడు, వేలు పెట్టి పై నుంచి కిందికి వెతుకుతాడు. ఒక కాగితం అయిపోతుంది. రెండోది, మూడోది. పన్నెండో కాగితం దగ్గరికి వచ్చేసరికి తన ఇంటిపేరు దాటిపోయిందేమోనని మళ్లీ మొదటికొస్తాడు.

ఆ కాగితాల వెనక ఒక చిన్న లెక్క ఉంది. ఒక జాబితాలో 1,200 పేర్లున్నాయనుకుందాం. క్రమసంఖ్య, పేరు, అంతే. ఎక్సెల్‌లో మామూలు వరస ఎత్తు 15 పాయింట్లు, అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే 11.69 అంగుళాలు. పైనా కిందా ముప్పావు అంగుళం చొప్పున ఖాళీ పోతే 10.19 అంగుళాలు మిగులుతుంది. అందులో 48 వరసలు పడతాయి. 1,200ను 48తో భాగిస్తే 25. పామర్రు సెంటర్‌లో ఏ జిరాక్స్ షాపులో ప్రింట్ కొట్టించినా పాతిక పేజీలు వస్తాయి. కానీ ఆ పాతిక పేజీల్లోనూ సిరా పడేది ఎడమ పక్క రెండంగుళాల మేరే. మిగిలిన ముప్పాతిక వంతు తెల్లకాగితమే. కౌంటర్ దగ్గర డబ్బులిచ్చింది దానికి కూడా.

కంప్యూటర్‌ది ఇందులో తప్పేమీ లేదు. దానికి కాగితం అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా మొదట్లో లేదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విజికాల్క్ తొలి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాముగా పేరు తెచ్చుకుంది. దాని షీటులో 63 నిలువు వరసలు, 254 అడ్డ వరసలు. ఇప్పటి ఎక్సెల్‌లో అడ్డ వరసలు 10,48,576. రెండును ఇరవైసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. ఒకే నిలువు వరస ఆ చివరిదాకా నింపి ప్రింట్ నొక్కితే 21,846 పేజీలు కావాలి. నలభై నాలుగు రిమ్ములు, సుమారు 109 కిలోలు. తెర మీద షీటు చాప చుట్టలా ఎంతైనా విప్పుకుంటూ పోతుంది. ప్రింటరు మాత్రం దాన్ని ఏ4 ముక్కలుగా కోస్తుంది. ముక్క పక్కన ఎంత ఖాళీ మిగిలిందో చూసుకోవడం దాని పని కాదు.

వెడల్పు షీట్లకు 1980లలో ఒక తమాషా మందు దొరికింది. ఫంక్ సాఫ్ట్‌వేర్ అనే అమెరికా సంస్థ ‘సైడ్‌వేస్’ అనే ప్రోగ్రాము అమ్మింది. అది చేసేదల్లా షీటును పక్కకు తిప్పి, మడతలు మడతలుగా వచ్చే కాగితం మీద పొడుగునా కొట్టడమే. ఆ ఒక్క పనికే జనం డబ్బు పెట్టి కొన్నారు. వెడల్పు ఎక్కువైతే అలా తిప్పుకోవచ్చు. పొడుగు ఎక్కువైతేనో? ఎక్సెల్‌లో నేటికీ పొడుగు జాబితాను వార్తాపత్రిక కాలమ్‌లలా విరిచి పేర్చే ప్రింట్ బటన్ లేదు. పేజ్ సెటప్‌లో ‘ముందు పక్కకు, తర్వాత కిందికి’ అనే ఎంపిక ఒకటుంటుంది, చాలామంది ఆశగా దాన్ని నొక్కుతారు. అది పేజీల వరస మారుస్తుంది, పేజీ లోపల ఏమీ కదలదు.

పొడుగు వరసను విరిచి పక్కపక్కన పేర్చడం మనకు కొత్త విద్య కాదు. ఎక్కాల పుస్తకం తీసి చూస్తే చాలు. రెండో ఎక్కం కింద మూడో ఎక్కం, దాని కింద నాలుగో ఎక్కం అచ్చేస్తే అది పుస్తకం కాదు, పటకా. అందుకే పేజీలో పక్కపక్కనే నిలబెట్టారు. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు దినపత్రికల్లో వచ్చే రోజులు గుర్తున్నవారికి ఇంకో ఉదాహరణ చెప్పనక్కర్లేదు. విజయవాడలో అచ్చయిన పత్రిక తెల్లవారేసరికి ఊరికి చేరేది, టీకొట్టు దగ్గర ఒక్క ప్రతి చుట్టూ పదిమంది మూగేవారు. ఆ పేజీలో పేర్లు ఉండవు, తప్పినవారి నంబర్లూ ఉండవు. పాసైన నంబర్లే, చీమల బారులా, సన్నటి కాలమ్‌లలో. వేలమంది భవిష్యత్తును నాలుగు పేజీల్లో ఇమిడ్చిన ఆ పేజీలు కట్టినవాళ్లకు ఎక్సెల్ తెలియదు, కాగితం ధర మాత్రం బాగా తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే కడితాలు. చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి గట్టిపరచిన నల్లటి గుడ్డ మీద బలపంతో రాసి, ముందుకీ వెనక్కీ మడతలు పెట్టి దాచుకునే లెక్కల పుస్తకాలవి. పొడుగు జాబితాకు మడతే వాటి జవాబు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు పక్కన చిల్లుల అంచుతో మడతలు పడే కాగితం చూసినప్పుడు పాతకాలపు కరణం గారు ఆశ్చర్యపోయి ఉండరు. అన్నట్టు, ఆ కరణాల పదవుల్ని 1984లో రద్దుచేసిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలోనే ఉంది. మండలాలు కూడా ఆయన హయాంలో వచ్చినవే. ఊరి లెక్క కరణం ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి కంప్యూటర్‌కూ నడిచిన దారిలో మడత పోయింది. దాని బదులు ఏదో ఒకటి కావాలి.

ఆ ఏదో ఒకటి నాలుగో తరగతి భాగహారం. ప్రతి నిలువు వరసలో 48 పేర్లు పెట్టదలిస్తే, 137వ పేరు ఎక్కడ పడుతుంది? 137 లోంచి ఒకటి తీసి 48తో భాగించాలి. భాగఫలం 2, శేషం 40. రెండు వరసలు నిండిపోయాయి కాబట్టి మూడో వరస. అందులో నలభై నిండాయి కాబట్టి 41వ గడి. ఒకటి ఎందుకు తీయాలంటే, లెక్క సున్నా నుంచి మొదలైతేనే 48వ పేరు మొదటి వరస అడుగున నిలుస్తుంది. లేకపోతే శేషం సున్నా వచ్చి రెండో వరస నెత్తికెక్కుతుంది. వెయ్యో పేరు? 999ని 48తో భాగిస్తే 20, శేషం 39. అంటే 21వ వరస, 40వ గడి. పేజీకి మూడు వరసలైతే 20ని మళ్లీ మూడుతో భాగించాలి. భాగఫలం 6, శేషం 2. ఏడో పేజీ, మూడో వరస. ఒకే భాగహారం రెండుసార్లు.

ఇండెక్స్ ఫంక్షన్‌తో ఈ సూత్రాన్ని రాసుకుని, మౌస్‌తో లాగి నింపేవారు చాలాకాలంగా ఉన్నారు. 2022లో మైక్రోసాఫ్ట్ ఆ శ్రమ తగ్గించింది. ర్యాప్‌కాల్స్ అనే కొత్త ఫంక్షన్‌కు జాబితాను, వరసకు ఎన్ని గడులో ఆ అంకెను ఇస్తే చాలు, అదే విరిచి పేరుస్తుంది. మరుసటి ఏడాది గూగుల్ షీట్స్‌లోకీ వచ్చింది. అయితే అది ఒక్క వరసనే తీసుకుంటుంది. క్రమసంఖ్య, పేరు వేర్వేరు గడుల్లో ఉంటే ముందు రెంటినీ ఒకే గడిలో కలపాలి. పాత ఎక్సెల్ ఉన్న షాపుల్లో దీనికంటే తేలిక దారి ఇంకోటుంది. జాబితాను వర్డ్‌లో అతికించి, మూడు కాలమ్‌లు చేయమని చెప్పడం. వర్డ్‌కు పేజీ అంటే తెలుసు. ఒక కాలమ్ నిండాక పక్కదానికి, పేజీ నిండాక తర్వాత పేజీకి అదే వెళ్తుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 1,200 పేర్లను మూడు ముక్కలు చేస్తారు. మొదటి 400, తర్వాతి 400, ఆ పైన 400. ఎక్సెల్‌లోనే కత్తిరించి పక్కపక్కన అతికిస్తారు. తెర మీద ముచ్చటగా ఉంటుంది. ప్రింటు తీస్తే తొమ్మిది పేజీలు, పాతికలోంచి పదహారు మిగిలాయి. కానీ మొదటి పేజీలో ఏముంటుంది? ఒకటి నుంచి 48, పక్కన 401 నుంచి 448, ఆ పక్కన 801 నుంచి 848. నలభై తొమ్మిదో మనిషి ఎక్కడ? రెండో పేజీలో. మొదటి నాలుగు వందలమందిని చదవాలంటే తొమ్మిది పేజీలూ తిప్పి, మళ్లీ మొదటికి రావాలి. అదే జాబితాను 400 దగ్గర కాకుండా 48 దగ్గర విరిస్తే పాతిక చిన్న వరసలు వస్తాయి, పేజీకి మూడు చొప్పున అవీ తొమ్మిది పేజీలే. మొదటి పేజీలో ఒకటి నుంచి 144 దాకా క్రమంగా ఉంటాయి. కాగితం ఖర్చు రెంటికీ ఒకటే, వెతికేవాడి అవస్థలోనే తేడా అంతా.

నిలువు వరసలు పెంచేకొద్దీ పేజీలు తగ్గే తీరు కూడా చూడదగ్గది. పేర్లు అక్కర్లేదు, ఖాతా నంబర్లు మాత్రమే చాలు అనుకుంటే వరస వెడల్పు అంగుళానికి కుదించవచ్చు. ఒక వరసకు 25 పేజీలు, రెండుకు 13, మూడుకు 9, నాలుగుకు 7, ఐదుకు 5. ఆరో వరస చేరిస్తే? అప్పుడూ 5 పేజీలే! ఆరు వరసల పేజీలో 288 పడతాయి, నాలుగు పేజీల్లో 1,152. మిగిలిన 48 నంబర్ల కోసం ఐదో కాగితం. తొలి అడుగులో పన్నెండు కాగితాలు ఆదా చేసిన పద్ధతి చివరి అడుగులో ఒక్కటీ చేయలేదు. అక్కడ వరసల జోలికి పోకుండా అంచుల సంగతి చూడాలి. పైనా కిందా ఖాళీని ముప్పావు నుంచి అర అంగుళానికి తగ్గిస్తే వరసకు 51 గడులొస్తాయి. ఆరు వరసలకు 306, నాలుగు పేజీలకు 1,224. జాబితా నాలుగింట్లో సరిపోయింది, ఇంకా ఇరవై నాలుగు గడులు ఖాళీ.

కాగితాన్ని అడ్డంగా తిప్పితే ఏమవుతుంది? వైశాల్యం అదే కదా, ఏం తేడా వస్తుందిలే అనిపిస్తుంది. వస్తుంది. రెండంగుళాల వరసలు నిలువు కాగితం మీద మూడు పడతాయి, పేజీకి 144 పేర్లు. అడ్డం కాగితం మీద ఐదు పడతాయి, కానీ ఎత్తు తగ్గి వరసకు 32 గడులే. అయిదు ముప్పై రెళ్లు 160. అడ్డమే మేలు, ఎనిమిది పేజీల్లో ముగుస్తుంది. ఇప్పుడు వరస వెడల్పు రెండంగుళాల నుంచి 2.2కు పెంచండి. నిలువులో ఇంకా మూడు పడతాయి, 144 అలాగే ఉంది. అడ్డంలో నాలుగే పడతాయి, 128కి పడిపోయింది. అంగుళంలో ఐదో వంతు తేడాకు గెలుపు తారుమారైంది. సంచిలో ఇటుకలు సర్దడం లాంటిది, సంచి పరిమాణం కంటే ఇటుక కొలత ముఖ్యం.

ఆ ఇటుక కొలతను తేల్చేది సగటు పేరు కాదు, జాబితాలోని అతి పొడుగు పేరు. డెల్టాలో అందరికీ రెండక్షరాల పేర్లు ఉండవు. ఇంటిపేరు, వేంకటానికో సత్యనారాయణకో మొక్కుకున్న ముందు పేరు, అసలు పేరు, చివర రావో దేవో. అలాంటి పేరు ఒక్కటి చాలు, మిగిలిన 1,199 మందికీ వెడల్పు వరస తప్పదు. దానికి ఆ ఒక్క గడిలో అక్షరాన్ని కుదించే ‘ష్రింక్ టు ఫిట్’ పెట్టడం మేలు. అందరి అక్షరాలూ చిన్నవి చేయడం కంటే ఒక్కరివి చేయడం న్యాయం.

తెలుగుకు ఇంకో పన్ను కూడా ఉంది. ఇంగ్లిషు అక్షరాలు గీత మీద కుదురుగా కూర్చుంటాయి. మనకు పైన గుడులు, కింద వత్తులు. ‘లక్ష్మి’ అనే పేరుకే కింద రెండు అంతస్తులు, పైన ఒకటి. గౌతమి వంటి ఫాంటు పెట్టగానే ఎక్సెల్ వరస ఎత్తును తనంతట తానే పెంచేస్తుంది. 15 పాయింట్లు 21 అయితే పేజీకి 48 వరసలు కాస్తా 34 అవుతాయి, పాతిక పేజీల జాబితా ముప్పై ఆరుకు చేరుతుంది. ఫాంటు మార్చి, వరస ఎత్తును చేత్తో సరిచేసి, వత్తులు తెగకుండా ఎంత దగ్గరికి రాగలమో ప్రింట్ ప్రివ్యూలో చూసుకోవడమే మార్గం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఎన్.టి.ఆర్. పేరిట కూడా ఒకటుంది. నిమ్మకూరు జాబితాకు అది వాడితే ముచ్చటే, ఎత్తు మాత్రం కొలుచుకోవాలి.

ఇంత గొడవెందుకు, ప్రింటరులోనే ‘షీటుకు రెండు పేజీలు’ నొక్కితే పోలా అని అడిగేవారుంటారు. ఏ4 కాగితానికి ఆ సౌకర్యం పుట్టుకతో వచ్చింది. పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం వచ్చేలా కాగితం కోస్తే, సగానికి మడిచినా అదే ఆకారం మిగులుతుందని జర్మన్ శాస్త్రవేత్త లిహ్టెన్‌బెర్గ్ 1786లో ఒక ఉత్తరంలో రాశాడు. 1922లో వాల్టర్ పోర్స్ట్‌మన్ చొరవతో అది జర్మనీ ప్రమాణమైంది, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందుకే రెండు ఏ4 పేజీలు 71 శాతానికి కుదించుకుని ఒక ఏ4లో చక్కగా ఒదుగుతాయి. చిక్కేమిటంటే అక్షరాలతోపాటు ఖాళీ కూడా 71 శాతానికి కుదించుకుని పక్కనే కూర్చుంటుంది. 11 పాయింట్ల అక్షరం 7.8 అవుతుంది, ముప్పాతిక తెలుపు ముప్పాతికగానే ఉంటుంది. వరసలు విరిచి పేరిస్తే అక్షరం సైజు తగ్గదు, తగ్గేది తెలుపే.

నలభై దాటి చత్వారం వచ్చిన కంటికి ఈ తేడా చిన్నది కాదు. అసలు మన కన్ను ఒక చూపులో స్పష్టంగా చదవగలిగేది చాలా కొంచెం. రెటీనా నడిమధ్య ఉండే చిన్న గుంట పరిధి రెండు డిగ్రీల కోణం. గోడకు రెండడుగుల దూరంలో నిలబడితే అది కాగితం మీద రెండు సెంటీమీటర్ల మేర. ఆ పరిధి దాటితే కన్ను గెంతాలి. క్రమసంఖ్య కాగితం ఎడమ అంచున, విస్తీర్ణం కుడి అంచున ఉంటే మధ్యలో ఏడెనిమిది గెంతులు. ఒక్క గెంతు పై వరసలో పడిందంటే పక్కింటాయన ఎకరాలు మనవైపోతాయి. పాత కంప్యూటర్ కాగితం మీద ఆకుపచ్చ పట్టీలు వేసింది ఇందుకే. సన్నటి వరసల్లో గెంతు చిన్నది, తప్పే అవకాశమూ తక్కువ. ప్రతి ఐదు పేర్లకూ ఒక లేత గీత గీస్తే ఇంకా మేలు.

దేశంలో ఊరూరా వేలాడే అతిపెద్ద జాబితా ఓటర్లది. దాన్ని పేర్చిన తీరు వేరు. పేజీకి ముప్పై పెట్టెలు, అడ్డంగా మూడు, నిలువుగా పది. ఒకటి, రెండు, మూడు అని పక్కకు నడుస్తుంది వరస, కిందికి కాదు. ఒక్కో పెట్టెలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, గుర్తింపు సంఖ్య, ఫొటోకు చోటు. ఎన్నికల సంఘం 2025లో పోలింగ్ కేంద్రానికి 1,200 మందికి మించకూడదని నిర్ణయించింది. మన ఊహా జాబితా లెక్కే. ముప్పైతో భాగిస్తే నలభై పేజీలు. 2009లో తొలి ఎన్నిక చూసిన పామర్రు నియోజకవర్గంలోనూ అంతే, బూత్ ఏజెంటు ముందు స్కేలు, పెన్ను పెట్టుకుని పక్కకే టిక్కులు కొడతాడు. పెట్టె పెద్దదైతే కన్ను పుస్తకంలోలాగా అడ్డంగానే నడుస్తుంది. ఒక్క మాటే ఉన్న జాబితా అయితే ఎక్కాల పుస్తకంలోలాగా కిందికి జారుతుంది. ఈ రెండు స్వభావాల్నీ కలిపితేనే గందరగోళం.

ఈ-పంట జాబితా ఈ రెంటికీ మధ్యది. ఖాతా నంబరు, సర్వే నంబరు, పేరు, తండ్రి పేరు, పంట, విస్తీర్ణం. ఆరూ ఉంచితే వెడల్పంతా నిండి విరిచే వీలే ఉండదు. అయితే దాదాపు ఊరంతా వరే వేసిన చోట ప్రతి గడిలోనూ ‘వరి’ అని 1,200 సార్లు అచ్చేయడం దేనికి? ‘కింది వారందరిదీ వరి’ అని పైన ఒక్క మాట రాసి, మినుమో చెరకో వేసినవారిని విడిగా చూపితే ఒక నిలువు వరస మొత్తం పోతుంది. ఇంటిపేరు ప్రకారం కూర్చి, ఒకే ఇంటిపేరు వారందరినీ ఒక శీర్షిక కింద పెడితే ఇంకొంత వెడల్పు తగ్గుతుంది. కొన్ని ఊళ్లలో సగం ఊరిది ఒకే ఇంటిపేరు మరి. తండ్రి పేరు మాత్రం తీయకూడదు. ఒకే పేరున్న ఇద్దరు రైతుల్ని చూడగానే విడదీసేది అదే.

తొమ్మిది పేజీలకూ పాతిక పేజీలకూ తేడా పదహారు కాగితాలు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కోటి ఐదు గ్రాములు, కాబట్టి ఆదా 80 గ్రాములు. కాల్చిన వేరుశనక్కాయల పొట్లం బరువు. రాష్ట్రంలో రైతు సేవా కేంద్రాలు పది వేలకు పైనే. పది వేల చోట్ల ఒక్కసారి ఇలా చేస్తే లక్షా అరవై వేల కాగితాలు, 320 రిమ్ములు, 800 కిలోలు. ఆ కాగితం ఎక్కడి నుంచో రాదు. నందిగామ వైపు మెట్ట పొలాల్లో పెరిగే సుబాబుల్, తీరం వెంట సరుగుడు రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ వంటి మిల్లులకు వెళ్లి గుజ్జవుతాయి. డెల్టాలో వరి రైతు పేరు గోడకెక్కేది మెట్ట రైతు కర్ర మీదే.

రెండువైపులా కొట్టిస్తే సరిపోతుంది కదా అనే మాట షాపులో తప్పక వినబడుతుంది, బ్యాక్ టు బ్యాక్ అంటే అందరికీ తెలుసు. ఫైల్లో పెట్టే కాగితానికి అది మంచి సలహానే. గోడకు అంటించే కాగితానికి వెనక వైపు లేదు, అక్కడ జిగురుంటుంది. గోడకు చదవగలిగే ఎత్తు కూడా కొంతే. ఏ4 కాగితాలు నిలువుగా తొమ్మిది అంటిస్తే దాదాపు తొమ్మిదడుగులు, పైది చదవడానికి నిచ్చెన, కిందిది చదవడానికి గొంతుకూర్చోవడం. అవే తొమ్మిదింటిని మూడు మూళ్లుగా అంటిస్తే రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. నడుము దగ్గర మొదలై తలపైకి కాస్త మించి ఆగుతుంది. పాతిక కాగితాలకు మాత్రం పక్క గోడ కూడా కావాలి, ఆ గోడ మీద సాధారణంగా ఎరువుల ధరల పట్టిక ఉంటుంది.